బెత్తెడు గడి

సికింద్రాబాద్ పెద్దాసుపత్రి, ఐదో అంతస్తు.
రెండు వార్డుల నడుమ నా టేబుల్.
కుంటి కాలి కింద ఎవరిదో పాత కేస్‌షీట్ మడిచి పెట్టాను.
రిజిస్టర్‌లో ఆరో గడి: చేరడానికి కారణం.
బెత్తెడుంటుంది.
పదకొండేళ్లుగా నింపుతున్నాను.

డాక్టరమ్మ చెబుతుంది, నేను రాస్తాను.
క్షయ. మళ్లీ క్షయ.
కట్టుకోని విరేచనాలు.
రోగాల పేర్లన్నీ ఇముడుతాయి గడిలో.
వాళ్లు చెప్పేవే ఇమడవు.

ఎల్లేశం, బోరబండ, సెంట్రింగ్ పని.
ముప్పై ఆరు కిలోలు, నోరంతా తెల్లపూత, దగ్గు.
మందులు ఎందుకు ఆపావంటే
"ఆపలే సార్.
పొద్దుగాల మూసాపేట అడ్డా మీద నిలబడాలె,
అదే పొద్దుగాల మందుల లైన్ల నిలబడాలె.
ఒక్కణ్ని, రెండు దిక్కుల ఎట్ల నిలబడ్త?"
పోయిన నెల అడ్డా గెలిచింది.
అంతకు ముందు నెలా అదే గెలిచింది.
నేను రాశాను: క్షయ.

అమీర్‌పేట హాస్టల్ పిల్ల. పేరు రాయను.
పుట్టుకతోనే తెచ్చుకుంది, పిన్ని పెంచింది.
గదిలో నలుగురు, ఒకటే బీరువా.
మాత్రల సీసా గలగలమనకుండా
మూత కింద దూది కుక్కి పెట్టుకుంది.
గోళ్లరంగు తుడుచుకుందామని
ఒక పిల్ల దూది వెతుక్కుంది.
అంతే చెప్పి గోడవైపు తిరిగింది.
తర్వాత ఎప్పుడో, "ఐదు నెలలు" అంది.
న్యుమోనియా అని రాశాను.

మందు మొదలెట్టిన మూడో వారమే
జ్వరంతో వచ్చేవాళ్లూ ఉంటారు.
ఒళ్లు నిద్రలేచి, ఇన్నాళ్లూ నా ఇంట్లో ఎవరున్నారని
కర్ర పట్టుకుంటుందట. డాక్టరమ్మ మాట.
ఆ దెబ్బలు ఇంటికే తగులుతాయి.

మొజంజాహి మార్కెట్ ముందు
కబూతర్లకు గింజలమ్మే జహంగీర్ భాయ్
తలనొప్పి అని వచ్చాడు.
రెండు నెలల్లో రెండుసార్లు కళ్లజోడు మార్చాడు,
ఒక తాయెత్తు కట్టించుకున్నాడు,
నెత్తురు పరీక్ష మాత్రం ఎవరూ రాయలేదు.
మెదడు పొరకు బూజు.
పావురాల రెట్టలోనూ ఉంటుందని ఎవరో అంటే
మంచం మీంచి లేవబోయాడు.
"నా కబూతర్లదా తప్పు?"
"అవి అందరి మీదా ఎగురుతాయి భాయ్.
మీ ఇంటి తలుపే తెరిచి ఉంది."
తలుపెప్పుడు తెరుచుకుందో ఆయన అడగలేదు.
భార్య గుమ్మంలో నిలబడి వింటోంది.
పద్నాలుగో రోజు మంచం ఖాళీ అయింది.
ఆరో గడి పక్కన ఇంకో గడి ఉంటుంది,
ఇంకా చిన్నది.

మొన్న ఎండల్లో బాలామణి వచ్చింది.
వారాసిగూడ, యాభై ఎనిమిదేళ్లు,
పద్దెనిమిదేళ్లుగా రాత్రి తొమ్మిదింటి మాత్ర
ఒక్కటీ తప్పలేదంటుంది.
తూకం నాకంటే ఎక్కువ.
మోండా మార్కెట్‌లో ఆవకాయ ముక్కలు కొట్టించుకుని
తిరుగుతుంటే టెంక మీద కాలు పడింది.
ఎముకల వార్డువాళ్లు చీటీ మీద మూడక్షరాలు చూసి
మంచాల్లేవని పైకి తోశారు.
లిఫ్ట్ పనిచేయలేదు. నలుగురం మోశాం.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"
కారణం అమ్మా, అన్నాను.
నొప్పితో పళ్లు కొరుకుతూనే నవ్వింది.
"మామిడి టెంక అని రాయి. గుండ్రంగ, మంచిగ రాయి.
ఇన్నేండ్లకు నాకు గిదొక్కటి
అందరిలెక్క అయ్యింది."

రాశాను. మామిడి టెంక.
డాక్టరమ్మ చూసింది, కొట్టేయలేదు.
పక్కనే చిన్న అక్షరాలతో తొంటి ఎముక అని చేర్చి
ఫోన్ తీసి ఎముకలవాళ్లతో పోట్లాటకు దిగింది.
ఆపరేషన్ నాలుగో రోజుకు కుదిరింది.
ఆ నాలుగు రోజులకు
రిజిస్టర్‌లో ఏ గడీ లేదు.

బాలామణి మాత్రం కదల్లేక పడుకునే
కోడలికి ఫోన్ చేస్తోంది:
"ముక్కలు మెత్తబడ్తయే,
నేనొచ్చేదాంక ఆగకు,
ఉప్పు కలుపు."